లడ్డూల తర్వాతి రష్యా

నాచారం ఫ్యాక్టరీల్లో కొత్తగా చేరిన తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, యూనియన్ అంటే వాట్సప్ గ్రూపు అనుకునేవాళ్ళూ, ఇది మీ కోసం రాస్తున్నాను. చదివే ఓపిక లేకపోతే ఎవరిచేతనైనా చదివించుకుని వినండి. ముందే ఒక మాట చెప్తాను. ఇందులో ఎవరి పేరూ ఉండదు. మా వాళ్ళలో కొందరు ఇంకా పనిలో ఉన్నారు, కొందరు పోయారు, కొందరు నా మీద ఇప్పటికీ అలిగే ఉన్నారు. మా వాళ్ళ పేర్లు దాచి రష్యా వాళ్ళ పేర్లు బయటపెట్టడం అన్యాయం కాబట్టి వాళ్ళవీ రాయను. బడికి సక్రమంగా వెళ్ళినవాళ్ళకు అవి ఎలాగూ తెలుసు.

నేను పంపుల భాగాలు తయారుచేసే ఫ్యాక్టరీలో టర్నర్‌ని. లేత్ మిషన్ ముందు నిలబడే జుట్టు నెరిసింది. ఉప్పల్ నుంచి మొదట సైకిల్ మీద, తర్వాత మోపెడ్ మీద, మోకాళ్ళు అరిగాక షేర్ ఆటోలో పనికి వెళ్ళాను. పని చేస్తూనే దూరవిద్యలో బి.ఏ. పూర్తిచేశాను. అందులో చరిత్ర ఒక సబ్జెక్టు. ఆ పాపానికి యూనియన్‌లో నాకు రెండు పనులు అంటగట్టారు. మొదటిది ఆదివారం క్లాసులో రష్యా చరిత్ర చెప్పడం. రెండోది మీటింగుల్లో ఎత్తిన చేతులు లెక్కపెట్టడం. రెండో పని చాలా సులువు. ఎప్పుడూ అన్ని చేతులూ లేచేవి.

క్లాసు సంగతి చెప్పాలి. టైర్ల షాపు పైన మా యూనియన్ గది. చాపలు, ఒక ఫ్యాను, ఒక నల్లబోర్డు, అంతే. వానాకాలం చివర్లో మొదలుపెట్టి నవంబరు దాకా ఆదివారాలు చెప్పేవాణ్ణి. మొదట జార్ చక్రవర్తి. "మా ఊరి దొర లెక్కనా అన్నా?" అని ఎవరో ఒకరు ప్రతి ఏడూ అడిగేవారు. దొరలకు దొర అని చెప్పేవాణ్ణి. తర్వాత, పెళ్ళాం పిల్లలతో, చక్రవర్తి పటాలు పట్టుకుని, అయ్యా మా గోడు వినండని కోటకు నడిచివెళ్ళిన కార్మికులు. వాళ్ళ మీద పేలిన తుపాకులు. తర్వాత రొట్టెల కోసం క్యూలో నిలబడి విసిగిపోయి వీధికెక్కిన ఆడవాళ్ళు, జార్ దిగిపోవడం, చివరికి అక్టోబరు విప్లవం. వాళ్ళ పాత క్యాలెండర్ అక్టోబరు మనకు నవంబరు అవుతుంది. ఆ రోజు ఉప్పల్ నుంచి లడ్డూల డబ్బా వచ్చేది. తినేవాళ్ళం, నినాదాలిచ్చేవాళ్ళం, ఇంటికి పోయేవాళ్ళం.

నాకు ముందు క్లాసు చెప్పిన పెద్దాయన అలాగే ముగించేవాడు. ఆయనకు ముందు చెప్పినాయన కూడా అంతేనట. లడ్డూ తిన్నాక ఎవరు వింటారు చెప్పండి! దాంతో రష్యా చరిత్ర లడ్డూల దగ్గర అయిపోతుందని మా ఫ్యాక్టరీ మొత్తం నమ్మింది.

ఇక మా అధ్యక్షుడు. నేనూ ఆయనా ఒకేరోజు పనిలో చేరాం. చుట్టరికం లేకపోయినా బావా అంటే బావా అనుకునేవాళ్ళం. మంచి మనిషి. ఇది మర్యాదకు రాస్తున్న మాట కాదు. లాకౌట్ అయినప్పుడు గేటు ముందు లాఠీ దెబ్బలు తిన్నది ఆయనే. మా క్యాంటీన్, షిఫ్టు బస్సు, పండుగ బోనస్, అన్నీ ఆయన కొట్లాడి తెచ్చినవే. ఎవరి భార్యకు నొప్పులొచ్చినా దవాఖానాకు ముందు చేరేది ఆయన స్కూటరే. అంతటి మనిషిని దిగిపొమ్మని ఎవరంటారు? యూనియన్ రూల్స్‌లో ఎన్నికలు పెట్టాలని ఉంది. కానీ ప్రతిసారీ ఏదో ఒక గండం వచ్చేది. ఒప్పందం అయ్యాక పెడదాం అనేవాడు. అది అయితే, కొత్త మేనేజర్ సంగతి తేలాక పెడదాం అనేవాడు. "గిప్పుడు ఎలక్షన్ అంటే మేనేజ్‌మెంటోళ్ళు మన నడుమ పుల్ల పెడతరు" అనేవాడు. చేతులు లేచేవి. నేను లెక్కపెట్టేవాణ్ణి.

మెట్రో రైలు ఉప్పల్‌లో ఇంకా కొత్తగా ఉన్న రోజుల్లో మా వెల్డింగ్ సెక్షన్‌లోకి ఒక యువకుడు వచ్చాడు. నల్లగొండ దిక్కు పల్లె. మల్లాపూర్‌లో రెండు గదుల్లో భార్య, చిన్న పిల్లలిద్దరితో ఉండేవాడు. క్రైస్తవులు. ఆదివారం పొద్దున లాలాపేట చర్చికి వెళ్ళి, అటు నుంచి అటే తెల్లచొక్కాతో మా క్లాసుకు వచ్చేవాడు. అందుకే ఎప్పుడూ సగం అయ్యాక చేరేవాడు. నేనేమో ప్రతి ఆదివారం జార్ నుంచి ఒకసారి తిరగేసి కొత్త పాఠంలోకి వెళ్ళేవాణ్ణి. జార్ కష్టం జార్‌ది, పాపం ఈ పిల్లవాడు ఆయన కథ ఒక్కసారి కూడా వినలేదు. నేరుగా విప్లవంలోకి వచ్చి కూర్చునేవాడు. మాకు అది కథకు చివర. ఈ పిల్లవాడికి అదే మొదలు.

ఆ ఏడు లడ్డూల రోజు అందరం తింటున్నాం. వెల్డర్ లడ్డూ చేతిలో పట్టుకుని అడిగాడు.

"అన్నా, తర్వాత ఏమైంది?"

"దేని తర్వాత?"

"గదే, గెలిచినంక. గెలిచినంక ఏం జేసిన్రు?"

"రాజ్యం కార్మికులదైంది గదా."

"గది సమజైంది. మరి మల్ల ఎలక్షన్లు పెట్టిన్రా?"

గది గదంతా గొల్లున నవ్వింది. గోడకు ఆనుకుని కూర్చున్న అధ్యక్షుడు నవ్వలేదు. లడ్డూ సగం తిని డబ్బా మూత మీద పెట్టేశాడు. "సదువు మస్తైంది, ఇండ్లకు వోన్రి" అన్నాడు.

ఆ ప్రశ్నలో ఏ కుట్రా లేదని వెల్డర్ తర్వాత నా ముందు ఒట్టేశాడు. "యేసయ్య తోడు అన్నా, నేను రష్యా గురించే అడిగిన!" కానీ ఫ్యాక్టరీ సంగతి మీకు తెలియదా? సాయంత్రానికి 'అధ్యక్షుణ్ణి దించాలని చూస్తున్నాడు' అయింది. మరునాటికి 'మేనేజ్‌మెంట్ మనిషి' అయింది. ఆ తర్వాత మేనేజర్ గదిలో వెల్డర్ టిఫిన్ తింటుంటే కళ్ళారా చూసినవాళ్ళు కూడా బయల్దేరారు. కమిటీ కూర్చుని, యూనియన్‌ను చీలుస్తున్నాడు కాబట్టి వెలివేయాలని తీర్మానించింది. వచ్చే ఆదివారం క్యాంటీన్ హాలులో జనరల్ బాడీ, అక్కడ చేతులెత్తితే పని అయిపోయినట్టే.

వెలివేత అంటే కార్డు వెనక్కి తీసుకోవడమేగా అనుకోకండి. యూనియన్ వదిలేసిన మనిషిని మా కంపెనీ ఎక్కువ రోజులు ఉంచుకున్నది లేదు. ఏదో వంక దొరుకుతుంది, వెనకాల అడిగే దిక్కుండదు. పని పోతే ఆ పిల్లవాడు మల్లాపూర్‌లో ఇల్లు ఖాళీ చేసి పిల్లల్ని తీసుకుని పోవాల్సిందే. ఈ సంగతి ఫ్యాక్టరీలో అందరికీ తెలుసు. అయినా ఆ వారమంతా వెల్డర్ చాయ్ తాగే బల్ల దగ్గర ఇంకొకరు కూర్చోలేదు. వాళ్ళెవరూ చెడ్డవాళ్ళు కారు. ఎవరి భయం వాళ్ళది.

మధ్యలో ఒకరోజు అధ్యక్షుడు స్కూటర్ మీద ఉప్పల్‌లో మా ఇంటికి వచ్చాడు. మా ఆవిడ ఇచ్చిన చాయ్ తాగుతూ అన్నాడు.

"బావా, ఆదివారం ఓటుకు ముందుగాల నువ్వు జర క్లాసు జెప్పాలె."

"ఏం జెప్పాలె?"

"లోపట ఉండి విప్లవానికి ద్రోహం జేసినోళ్ళ గురించి. రష్యాల గసుంటోళ్ళు లేరా?"

"ఉన్నరన్నరు బావా. మస్తు మందిని అన్నరు."

"గంతే. గదే జెప్పు. జనానికి సమజ్ గావాలె."

ఆయన వెళ్ళాక మా ఆవిడ గ్లాసులు తీస్తూ అంది. "మీ రష్యా నాకు తెల్వదు. ఆ పిల్లగాడు సోమారం పనికి వోతడా, వోడా? గదొక్కటి జెప్పు." ఆ ప్రశ్న పట్టుకుని అటక ఎక్కాను.

పాత పుస్తకాలు దించాను. అక్టోబరు దాకా పేజీలన్నీ నలిగి, పసుపెక్కి, గీతలతో నిండి ఉన్నాయి. ఆ తర్వాతి పేజీలు కొత్తగా ఉన్నాయి. పరీక్ష కోసం ఒకసారి చదివానేమో, అంతే. ఇప్పుడు కూర్చుని మళ్ళీ చదివాను. చదువుతున్నకొద్దీ చెమటలు పట్టాయి తమ్ముళ్ళూ! అధ్యక్షుడు అడిగిన ద్రోహులు అందులో బారులు తీరి ఉన్నారు.

ఆదివారం వచ్చింది. క్యాంటీన్ హాలు నిండిపోయింది. వెల్డర్ అదే తెల్లచొక్కాలో వెనక గోడ దగ్గర కూర్చున్నాడు, చుట్టూ కొంచెం ఖాళీ. అధ్యక్షుడు ముందు కుర్చీలో. నేను లేచి గొంతు సవరించుకున్నాను.

"ద్రోహుల గురించి చెప్పమన్నారు, చెప్తాను" అని మొదలుపెట్టాను. గెలిచిన కొన్నాళ్ళకే జనం ఓట్లేసి ఎన్నుకున్న సభ ఒకటి కూర్చుంది. కొత్త ప్రభుత్వానికి ఆ సభ నచ్చలేదు. కాపలా వాళ్ళు అలిసిపోయారు, ఇక లేవండి అని ఒక నావికుడు వచ్చి చెప్పాడు. ఆ సభ మళ్ళీ కూర్చోలేదు. కాపలా వాళ్ళు అలిసిపోయారన్నప్పుడు హాలులో ఒకరిద్దరు నవ్వారు. తర్వాత యుద్ధం, ఆకలి. ప్రతి దానికీ ఒకటే మాట, ఈ గండం గడిచాక చూద్దాం. నేను ఎవరి వైపూ చూడకుండా చెప్పాను, గోడ మీది మెనూ బోర్డు వైపు చూస్తూ.

"ఆ నావికులే, విప్లవం కోసం అందరికంటే ముందు ప్రాణాలకు తెగించిన వాళ్ళే, ఒక దీవి మీద నిలబడి అడిగారు. మా కార్మికుల సభలకు మళ్ళీ ఎన్నికలు పెట్టండి, చేతులెత్తించి కాదు, రహస్యంగా ఓటు వేయనివ్వండి అన్నారు. ఇది వాళ్ళ మొదటి కోరిక. వాళ్ళకు ద్రోహులని పేరొచ్చింది. సముద్రం గడ్డకట్టి ఉంది. ఆ మంచు మీద నడిచి ప్రభుత్వ సైన్యం వచ్చింది. కొందరు చచ్చారు, కొందరు జైళ్ళకు పోయారు, మిగిలినవాళ్ళు దేశం విడిచి పారిపోయారు."

తర్వాత పార్టీలో వేరు గుంపులు ఉండకూడదన్నారని, అందరూ గుమాస్తా పని అనుకుని పట్టించుకోని కార్యదర్శి కుర్చీలో ఒకాయన కూర్చున్నాడని, ఎవరిని ఏ పదవిలో వేయాలో నిర్ణయించేది ఆ కుర్చీయేనని మిగతావాళ్ళకు ఆలస్యంగా తెలిసిందని చెప్పాను. "ఆయన తనతో కలిసి జైళ్ళకెళ్ళిన వాళ్ళనే ఒక్కొక్కరిని ద్రోహి అన్నాడు. ప్రతిసారీ చేతులు లేచాయి. నిన్న చేతులెత్తినవాళ్ళు ఇవాళ బోనులో నిలబడి, అవును మేం ద్రోహులమే అని ఒప్పుకున్నారు. జార్ పోయాడు, జార్ కుర్చీ పోలేదు. నాకు తెలిసిన ద్రోహుల కథ ఇంతే." కూర్చున్నాను. అధ్యక్షుడు అడిగింది అడిగినట్టే చెప్పాను, మాట తప్పలేదు!

ఆయన మొహం కందగడ్డలా అయింది. లేచి ఏదో అనబోయాడు. అంతకు ముందే ప్యాకింగ్ సెక్షన్ అక్క లేచింది. ఆమె నాకంటే సీనియర్, నోరు కూడా సీనియరే.

"జర ఆగున్రి. ఆ ఓడలోళ్ళు అడిగిందేంది? సాటుకు ఓటు. గంతేనా? గది మనం జేద్దాం. నాచారంల సముద్రం గడ్డగట్టేది లేదు, మంచు మీదికెల్లి ఎవ్వడు రాడు."

జనం పగలబడి నవ్వారు. భయపడి ఉన్న జనం నవ్వితే ఆగదు, మీరు గమనించారా? ఆ నవ్వు చల్లారాక అధ్యక్షుడు చేయి ఊపాడు. "ఎయ్యున్రి! సాటుకే ఎయ్యున్రి! నాకేం ఫికర్ లేదు. ఇన్నేండ్ల సంది మీ చేతులు నేను జూడలేదా?" ఆయన నిజంగానే అలా నమ్మాడు. నమ్మకపోతే ఒప్పుకునేవాడే కాదు. ఆ నమ్మకమే ఆ రోజు మమ్మల్ని కాపాడింది.

కాగితాల మీద రాద్దామంటే కొందరికి రాత రాదు, మిగతా అందరి రాతా అందరికీ తెలుసు. చివరికి మాకు సామాన్లిచ్చే స్టోర్స్ అన్న రెండు ట్రేలు మోసుకొచ్చాడు. ఒకదాని నిండా నట్లు, ఇంకోదాని నిండా వాషర్లు. ప్రతివాళ్ళూ ఒక నట్టు, ఒక వాషర్ తీసుకోవాలి. క్యాంటీన్ వంటగది తెర వెనక రెండు ఖాళీ ఆయిల్ డ్రమ్ములు పెట్టాం. ఎర్ర డ్రమ్ములో వేసిందే ఓటు. నట్టు వేస్తే వెల్డర్ ఉండాలని, వాషర్ వేస్తే పోవాలని. చేతిలో మిగిలింది పక్క డ్రమ్ములో పారేయాలి.

బ్రహ్మాండమైన ఏర్పాటు అనుకున్నాం. మొదట స్టోర్స్ అన్నే తెర వెనక్కి వెళ్ళాడు. ఠంగ్! ఖాళీ ఇనుప డ్రమ్ము అడుగున నట్టు పడిన మోత హాలు చివరి దాకా వినిపించింది. మేం ఇనుముతో బతికేవాళ్ళం. కళ్ళు మూసుకుని విన్నా నట్టేదో వాషరేదో చెప్తాం. అది మాలో ఒక్కడికీ ముందు తట్టలేదు! అన్ని తలలూ ఒక్కసారి తెర వైపు తిరిగాయి. స్టోర్స్ అన్న పాలిపోయిన మొహంతో బయటికొచ్చి, "అయ్యో, నా బతుకు!" అన్నాడు.

ప్యాకింగ్ అక్క తల కొట్టుకుని, మిషన్లు తుడిచే కాటన్ వేస్ట్ ఒక బస్తా తెచ్చి రెండు డ్రమ్ముల్లోనూ అడుగున మెత్తగా పరిచింది. "ఇగ ఏస్కోన్రి. బాంబు ఏసినా ఇనబడది." మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాం. ఒక్కొక్కరే తెర వెనక్కి వెళ్తున్నారు, వస్తున్నారు. చప్పుడు లేదు. నేను అన్నేళ్ళు చేతులు లెక్కపెట్టాను కానీ మనుషుల మొహాలు అంత ప్రశాంతంగా ఎప్పుడూ చూడలేదు. వెల్డర్ కూడా వెళ్ళి వచ్చాడు. అందరి తర్వాత అధ్యక్షుడు వెళ్ళాడు.

ఎర్ర డ్రమ్ము క్యాంటీన్ బల్ల మీద బోర్లించాం. కాటన్ వేస్ట్ లాగేసి చూస్తే, నట్లు! కుప్పగా నట్లు! మధ్యలో అక్కడక్కడ వాషర్లు, రెండు గుప్పిళ్ళకు రావు. లెక్కపెట్టాల్సిన పనే లేకపోయింది. హాలు మొత్తం ఊపిరి వదిలిన చప్పుడు నాకు ఇప్పటికీ గుర్తుంది. ఒకరినొకరు చూసుకుంటున్నారు, నువ్వు కూడానా, నువ్వు కూడానా అన్నట్టు. నేనొక్కణ్ణే అనుకున్న ప్రతి మనిషికీ హాలు నిండా తోడు దొరికింది. వెల్డర్ గోడకు ఆనుకుని మోకాళ్ళ మీద తల పెట్టుకుని ఏడ్చాడు. పది నిమిషాల క్రితం దాకా ఆయన పక్కన కూర్చోని వాళ్ళు ఇప్పుడు ఆయన వీపు నిమరడానికి తోసుకుంటున్నారు.

అధ్యక్షుడు వాషర్లన్నీ ఏరి అరచేతిలో పెట్టుకుని చూశాడు. "ఇన్నేండ్ల సంది ఎత్తిన చేతులన్ని గిట్లనేనా బావా?" అని నన్ను మెల్లగా అడిగాడు.

"అన్ని గాదు బావా. లాకౌట్ అప్పుడు నిజంగనే ఎత్తినం."

ఆయన తలూపి, హెల్మెట్ తీసుకుని ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్ళిపోయాడు. నాకు కొత్త భయం పట్టుకుంది. కోపంలో తన వాళ్ళను తీసుకుని వేరే యూనియన్ పెడితే? మేం రెండు ముక్కలైతే మేనేజ్‌మెంట్‌కు పండగే. వెల్డర్‌నే కాదు, ఇంకో పదిమందిని పంపేస్తారు. సోమవారం పొద్దున గేటు దగ్గరికి అందరికంటే ముందు వెళ్ళి నిలబడ్డాను. అధ్యక్షుడు అప్పటికే వచ్చి ఉన్నాడు. వెల్డర్ సైకిల్ దిగి, ఆయన్ని చూసి అక్కడే ఆగిపోయాడు.

"ఏందిరా సూస్తున్నవ్? పంచింగ్ లేటైతది, పో లోపటికి" అని గట్టిగా అరిచాడు అధ్యక్షుడు. వెల్డర్ నవ్వుతూ లోపలికి పరుగెత్తాడు. హమ్మయ్య అని నేను గేటు ఊచలు పట్టుకున్నాను. మా వాచ్‌మన్ నాకు కళ్ళు తిరిగాయనుకుని నీళ్ళ బాటిల్ తెచ్చిచ్చాడు.

ఆ తర్వాత ఎన్నికలు పెట్టాం, తెర వెనకే. ఆయన నిలబడనన్నాడు. ప్యాకింగ్ అక్క గెలిచింది. యూనియన్ గది తాళాలు ఆమెకిచ్చిన సాయంత్రం, నేనూ ఆయనా ఉప్పల్‌లో మెట్రో స్టేషన్ కింద చాయ్ బండి దగ్గర నిలబడ్డాం. ఉండబట్టలేక అడిగేశాను.

"బావా, నా మీద కోపమా?"

ఆయన చాయ్ ఊదుకుంటూ నా దగ్గరికి జరిగాడు.

"ఒక మాట జెప్త. ఎవ్వనికి జెప్పకు. ఆ దినం నేను గూడ నట్టే ఏసిన."

నేను గ్లాసు బండి మీద పెట్టేశాను.

"ఆ పోరడు ఏం తప్పు జేసిండని బావా? నాకు తెల్వదా? ఒకసారి ద్రోహి అన్నంక అందరి ముంగట ఎట్ల ఎనుకకు పోవాలె? తెర ఎనుకకు పోయి సూస్తే ఎవ్వడు లేడు. మీరు లేరు, కమిటీ లేదు, అధ్యక్షుడు గూడ లేడు. పట్ మని నట్టేసిన. మస్తు హల్కాగ, బరువు దిగినట్టు అనిపించింది."

నిజమో, ఓడిపోయాక మనసుకు సర్దిచెప్పుకున్న మాటో నాకు తెలియదు. రహస్య ఓటు కదా, ఎవరూ ఎప్పటికీ తేల్చలేరు. నాకు మాత్రం అక్కడికక్కడే కళ్ళ నీళ్ళు వచ్చాయి, నవ్వూ వచ్చింది. ఎవరికీ చెప్పొద్దన్న మాట ఇన్నేళ్ళు నిలబెట్టుకున్నాను. మొన్న వెళ్ళి, పిల్లలకు రాస్తాను బావా అంటే, "రాయి. పేరు మాత్రం రాయకు" అన్నాడు.